సింగరయ్య తెడ్డు

సూర్యలంకలో అంటిన ఇసుక సాదియా కాలివేళ్ళ మధ్య ఇంకా కరకరలాడుతూనే ఉంది. చెప్పులు సీటు కిందికి నెట్టేసి, వట్టి కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ వ్యాను నడుపుతోంది. పెళ్ళినాటి గోరింట గోళ్ళ చివర్లలో మాత్రమే ఎర్రగా మిగిలింది. అది పూర్తిగా పోయేలోగా పెద్ద రోడ్డు మీద బండి నడపాలని ఆమె పంతం. నడుపుతోంది. అందుకే ఊరికే నవ్వొస్తోంది.

"చెప్పులేసుకో. పోలీసు చూస్తే ఫైను రాస్తాడు," అన్నాడు పక్క సీట్లోంచి వాసిం.

"ఇక్కడ పోలీసెవరున్నారండీ, రొయ్యలు తప్ప!"

అడవులదీవి దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరువులే. ఏరేటర్లు నీళ్ళను చిలుకుతుంటే తెల్లటి నురగ లేస్తోంది. ఆ వెనక మడ చెట్ల మీద సాయంత్రపు ఎండ తేనె రంగులో పరుచుకుని ఉంది. వ్యానులో వెనక సీట్లు ఎప్పుడో పీకేశారు. తెనాలిలో వాళ్ళ మటన్ కొట్టుకు మేకల్ని తెచ్చే బండి అది. ఎంత కడిగినా మేకల వాసన వదలదు. కాపురానికొచ్చిన కొత్తలో ముక్కు మూసుకున్న సాదియాకు ఇప్పుడా వాసన కూడా వాసిం చొక్కాలాగా సొంతమైపోయింది.

పొద్దున బాపట్లలో వాసిం మేనత్త మనవడికి పేరు పెట్టే వేడుక. రెండు మేకల్ని జిబా చేయడానికి వాసిమే కావాలని కబురంపారు. మొగుడు ఆ పని చేస్తుంటే సాదియా చూడటం అదే మొదలు, మేడ మీంచి. అతను మొదటి మేకకు గిన్నెతో నీళ్ళు పట్టాడు. ఒకదాని చావు ఇంకోటి చూడకూడదని రెండోదాన్ని గోడ అవతల కట్టించాడు. కత్తిని మేకకు కనపడనీయకుండా వీపు వెనక దాచుకున్నాడు. మెడ నిమురుతూ ఏదో గొణిగి, దాని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి, దేవుడి పేరు తలుచుకున్నాడు. కత్తి ఒక్కసారే కదిలింది. మేక అరవను కూడా లేదు. "వాసిం చెయ్యి పడితే నిద్రపట్టినట్టే పోతుంది," అన్నాడు కింద ఎవరో పెద్దాయన. సాదియాకు భయం వేయలేదు. గర్వమేసింది.

ఆ కత్తి ఇప్పుడు తెల్లగుడ్డలో చుట్టి, ముడేసి, వాసిం సీటు కింద ఉంది.

"నోరు తెరు," అన్నాడు వాసిం. బీచి దగ్గర కొన్న ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పప్పు ఆమె పెదాల దాకా తెచ్చి, అందకుండా వెనక్కి లాగాడు.

"ఇస్తారా, ఇవ్వరా?"

"రోడ్డు చూడండి మేడమ్."

"ముందు పప్పు!" అని తల తిప్పి, ఆమె అతని వేలి కొస కొరికింది. పప్పు నోట్లో పడింది. ఉప్పగా ఉంది.

అప్పుడే బండి ముందు నుంచి దబ్బుమని చప్పుడైంది. స్టీరింగు చేతుల్లో ఒక్కసారి ఎగిరింది. కాళ్ళు వాటంతటవే బ్రేకు తొక్కాయి. వ్యాను కొంత దూరం జారి ఆగింది. వాసిం ఒళ్ళోంచి వేరుశనక్కాయలు జారి నేలంతా పరుచుకున్నాయి.

"కుక్కా?" అంది సాదియా.

వాసిం వెనక అద్దంలోంచి చూశాడు. "నక్క."

సీటు కింద చెయ్యి పెట్టి గుడ్డ మూట తీసుకుని మరీ దిగాడు. సాదియా దిగలేదు. తల ఎదురుగా ఉన్న చిన్న అద్దంలో చూస్తూ కూర్చుంది. నక్క నడుము కింది భాగం రోడ్డుకు అతుక్కుపోయినట్టు ఉంది. ముందు కాళ్ళు మాత్రం తారును గీరుతున్నాయి. వాసిం దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముడి మీద వేళ్ళు పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత మూటను చంకలో పెట్టుకుని, నక్క వెనక కాళ్ళు పట్టుకుని రోడ్డు పక్క గడ్డిలోకి లాగాడు. చేతులు గడ్డికి తుడుచుకుని వచ్చాడు.

"చచ్చిపోయింది కదండీ?" అంది సాదియా.

వాసిం మూటను సీటు కింద పెట్టాడు. వేసిన ముడి వేసినట్టే ఉంది.

"పోయింది. పద."

మొదటి గేరు వేస్తూ ఆమె అద్దంలో చూసింది. గడ్డిలోంచి బూడిద రంగు తల ఒకటి పైకి లేచింది. రెండు చెవులు నిక్కాయి. వ్యాను వైపే చూసింది. సాదియా క్లచ్ వదిలింది.

రేపల్లెలో పుట్టింటి గుమ్మం ముందు బండి ఆపేదాకా ఆ పప్పు నోట్లో అలాగే ఉంది.

*

తెనాలి వచ్చాక అత్తగారు ఫాతిమా బంపరు మీది సొట్టను చూసి, విషయం విని, పక్కింటివాళ్ళను కేకేసింది.

"జనం నక్క తోక తొక్కితేనే అదృష్టమంటారు, మా కోడలు ఏకంగా నక్కనే తొక్కొచ్చింది! ఇంక చూడండి, మా ఇంట్లో వెండి పళ్ళేల్లో తింటాం."

అందరూ నవ్వారు. సాదియా కూడా నవ్వింది. ఆ నవ్వు పక్కగదిలో ఎవరో నవ్వినట్టు వినపడింది.

ఆకలి మామూలుగానే వేసింది. నిద్రా పట్టింది. అదే ఆమెకు వింతగా ఉంది. ఏడుపొస్తుందేమోనని ఒకటి రెండుసార్లు బాత్రూంలోకి వెళ్ళి నిలబడింది కూడా. రాలేదు. కుళాయి కట్టి బయటికొచ్చింది. కొత్త కాపురంలో ఆమె పోగుచేసుకున్న సంబరాలన్నీ వేటికవి అక్కడే ఉన్నాయి. తలుపు తీయగానే కాలవ మీంచి వచ్చే గాలి, కిటికీ ఊచకు వాసిం కట్టిన గాజుల తోరణం, పొద్దున్నే సందు చివర బండివాడు వేసే పునుగుల వాసన. అన్నిటికీ ఏదో పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టినట్టు, ఒక్కటీ తగలడం లేదు.

టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంటే ఫాతిమా వచ్చి గ్లాసు లాక్కుంది.

"పిచ్చిపిల్లా, ఇప్పుడే దించిన టీ! చెయ్యి కాలట్లా?"

సాదియా అరచేయి చూసుకుంది. ఎర్రగా ఉంది. "లేదమ్మీ," అంది.

వాసిం ఆ పొద్దున్నే వ్యాను కడిగేశాడు. కానీ నంబరు ప్లేటు మేకు దగ్గర ఇంకా నాలుగు వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. బూడిద రంగు, కొసలు మాత్రం నలుపు. ఆమె గోటితో వాటిని లాగింది. పారేయబోయి, ఎక్కడ పారేయాలో తెలియక, లోపలికి తెచ్చి గాజుల పెట్టెలో పెట్టింది. ఆ తరవాత పెట్టె తెరవలేదు.

మొగుడితో మాట్లాడుతూనే ఉంది. అన్నం పెడుతోంది, చొక్కా గుండీ కుడుతోంది. లోపల మాత్రం ఒక్క సంగతి రాయిలా గట్టిగా, స్పష్టంగా ఉంది. బతికున్నదాన్ని చచ్చిందన్నాడు. అబద్ధమాడాడు. చేతిలో కత్తి పెట్టుకుని, ఒక్క క్షణం పట్టే పని చేయకుండా వచ్చేశాడు. ఆ రాయిని పట్టుకుంటే ఆమెకు కాస్త నిలకడగా ఉండేది.

ఆదివారం కొట్టుకు టిఫిన్ పట్టుకెళ్ళింది. ముందు మామగారు జానీ బాషా చింత మొద్దు మీద తొడ ముక్కలు కొడుతూ, వరసలో నిలబడ్డవాళ్ళతో మాట్లాడుతున్నాడు. వెనక రేకుల షెడ్డులో వాసిం ఒక్కడే ఉన్నాడు. మేకలకు వీపు పెట్టి కత్తి నూరుతున్నాడు. నూరే చప్పుడు కూడా వాటికి వినపడకూడదని మధ్యలో పంపు తిప్పి వదిలాడు. తరవాత పోతుకు నీళ్ళు పట్టాడు. పడుకోబెట్టాడు. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టాడు. అక్కడ ఆగిపోయాడు.

గుమ్మం దగ్గర సాదియా టిఫిన్ డబ్బాతో నిలబడింది.

పోతు కాలు ఒకసారి తన్నుకుంది. వాసిం ఇంకా కదల్లేదు.

"ఏంట్రా ఆలోచన?" అన్నాడు జానీ బాషా, ముక్కల కోసం లోపలికొచ్చి. "కత్తి పట్టుకున్నాక ఆలోచించకూడదు. నువ్వు ఆలోచించినంతసేపూ దానికి నరకం."

వాసిం కత్తి కదిపాడు. పోతు అరిచింది. పెద్ద అరుపు కాదు. అయినా ముందు వరసలో మాటలు ఆగిపోయాయి. వాసిం చేతిలో మేక అరవడం ఆ కొట్టులో ఎవరూ వినలేదు ఇంతవరకు. జానీ బాషా కొడుకు మొహం చూసి ముందుకెళ్ళిపోయాడు.

సాదియా డబ్బా కింద పెట్టి వచ్చేసింది. జాలి పడాలనుకుంది. అదీ కుదరలేదు.

సాయంత్రం వాసిం అన్నం తిన్న కంచం కడుగుతున్నాడు. పెళ్ళైనప్పటినుంచీ తన కంచం తనే కడుక్కుంటాడు. మొదటిసారి చూసినప్పుడు సాదియా ఆ సంగతి రేపల్లెకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

"ఒకసారి అక్కడికెళ్దామండి," అంది.

ఎక్కడికని అతను అడగలేదు. "ఎందుకు? కాకులు కూడా మిగల్చవు ఈపాటికి."

"పోయిందన్నారు కదా. పోయినచోటు చూద్దాం."

కంచం చుట్టూ అతని వేళ్ళు ఆగాయి. కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగాడు.

"రేపు కొట్టు దగ్గర అబ్బా ఉంటార్లే," అన్నాడు. "వెళ్దాం."

*

సాదియా బండి వాసింతోనే నడిపించింది. కాలు నొప్పంది. రేపల్లె దాటి, నిజాంపట్నం దాటి, చెరువుల మధ్యకు వచ్చేసరికి ఎండ పెరిగింది. రోడ్డు మీద ఏ గుర్తూ లేదు. అతనే ఒకచోట బండి ఆపాడు. ఆ రోజు కంటపడని తాటాకు పాక ఒకటి, తూము పక్కన, మడ చెట్ల వెనక ఉంది. ముందు పరిచిన పట్టా మీద ఒక ముసలావిడ చిన్న రొయ్యలు ఎండబెడుతోంది. వ్యానును చూసి చెయ్యి ఆపింది. లేచి వచ్చి, బంపరు ముందు వంగి, సొట్ట మీద వేలు పెట్టింది.

"ఈ బండే," అంది. "ఏంటమ్మా, మళ్ళీ వచ్చారు? ఇంకేమన్నా మిగిలిందేమో చూద్దామనా?"

"పిన్నీ, ఆ రోజు..." అనబోయింది సాదియా.

"ఆ రోజు తూము కాడ వల కడుక్కుంటన్నాం, నేనూ మా ముసలోడూ. చూశాం. ఆగారు, దిగారు, చూశారు, ఎక్కారు. స్టాపులో బస్సెక్కినట్టు ఎక్కారు."

"రత్తమ్మా, ఊరుకో," అన్న గొంతు పాక నీడలోంచి వచ్చింది.

అక్కడ బక్కపల్చటి ముసలాయన మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్నాడు. అతని వెనక ఒడ్డు మీద చిన్న పడవ బోర్లా ఉంది. ఎండకు దాని తారు పొడిబారి పెచ్చులు లేస్తోంది.

"ఎందుకూరుకోవాలి? ఏం అబ్బాయ్, అది బతికుందని నీకు తెలవదా? కాళ్ళు పట్టి ఈడ్చినోడివి."

వాసిం నేల చూశాడు. "తెలుసండి," అన్నాడు.

సాదియా ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చింది. వచ్చాక అది చాలా చిన్నదిగా వినపడింది.

ముసలాయన పేరు సింగరయ్య. అతను రోడ్డు వైపు కాకుండా ఏటి వైపు చూస్తూ చెప్పాడు.

"దొప్పతో నీళ్ళిచ్చానమ్మా. తాగింది. తాగితే బతుకుద్దేమో అనుకున్నా. కానీ నడుం లేదు దానికి. పొద్దు గూకితే కుక్కలొస్తాయి. పాణం ఉండగానే పీకుతాయి. చేతిలో చూస్తే తెడ్డుంది. చేపలు పట్టేవోడికి ఆ పని ఏం అలవాటు? ఒక్క దెబ్బకి పోలేదు."

వాసిం కుడిచెయ్యి పిడికిలి బిగిసి, మళ్ళీ విడిపోయింది.

"అప్పట్నుంచీ ఏట్లోకి పోలా," అంది రత్తమ్మ. "పొద్దున్నే ఆ గట్టు మీద నక్క కనపడితేగానీ పడవ విప్పడీయన. నక్క మొహం చూసి పోతే వల నిండుద్దని వీళ్ళ తాతలనాటి నమ్మకం. అట్టాంటోడి చేత నక్కని కొట్టించారు. ఇప్పుడా తెడ్డు నీళ్ళలో పెట్టడు, పొయ్యిలో పెట్టనివ్వడు, పారేద్దామంటే తెడ్డు పారేస్తారా అంటాడు. కూర్చున్నాడు. మీరు ఝామ్మని ఎల్లిపోయారు. ఈ మడిసి ఇక్కడే ఉండిపోయాడు."

వాసిం ఒకడుగు ముందుకేశాడు.

"ఆ రోజు నా దగ్గర కత్తి ఉందండి. మాది మటన్ కొట్టు. నాకైతే ఒక్క క్షణం పని. ముడి దాకా వెళ్ళింది చెయ్యి. కానీ అది దేవుడి పేరుతో మేకకు పెట్టే కత్తి. నక్క నెత్తురు తగిలితే మళ్ళీ మేకకు ఎట్టా పెడతాం, కత్తి పాడైపోద్దనుకున్నా."

"కడుక్కుంటే పోదా అబ్బాయ్?" అంది రత్తమ్మ. ఈసారి గొంతులో దెప్పు లేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"పోద్దండి," అన్నాడు వాసిం. "అబ్బాని అడిగినా అదే చెబుతారు. అందుకే అడగలేదు."

"మరి ఈ పిల్లకేం చెప్పావు? చచ్చిపోయిందనా?"

"అవునండి. తప్పంతా నాదే. బండి తోలింది కూడా నేనే."

సాదియా అతని వైపు చూసింది. మెడ మీద చెమట, చొక్కా కాలరుకు ఆమె కుట్టిన గుండీ. లోపల ఇన్నాళ్ళూ పట్టుకుని నిలబడ్డ రాయి కోసం వెతుక్కుంది. అది అతని దగ్గర లేదు.

"కాదు పిన్నీ," అంది. "తోలింది నేను. ఆయన పప్పు పెడుతుంటే తల తిప్పాను. చచ్చిపోయింది కదా అని కూడా నేనే అడిగాను. అట్లా అడిగితే ఇంకేం చెబుతారు?" బస్సు బోర్డు చదువుతున్నట్టుంది ఆమె గొంతు. "గేరు వేస్తూ అద్దంలో చూశాను. తలెత్తి నా వైపే చూసింది. అయినా పోనిచ్చాను."

వాసిం చప్పున తల తిప్పాడు. "చూశావా?"

"చూశాను."

"మరి నాతో..."

"మీరూ చెప్పలేదుగా."

రత్తమ్మ పట్టా దగ్గరికెళ్ళి రొయ్యల్ని అరచేత్తో తిరగేయడం మొదలుపెట్టింది.

"నన్నూ చూసింది," అన్నాడు సింగరయ్య. "పారిపోదామనీ కాదు, కరుద్దామనీ కాదు. ఊరికే చూసింది."

అతనే లేచి వాళ్ళను గట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. మడ చెట్టు మొదట్లో చిన్న మట్టి దిబ్బ. కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప వేసి ఉంది. గాజుల పెట్టెలోని వెంట్రుకలు తెద్దామనుకుని మర్చిపోయానని సాదియాకు అప్పుడు గుర్తొచ్చింది. ఏం చేయాలో తెలియక ముగ్గురూ కాసేపు నిలబడ్డారు. వాసిం పెదాలు కదిలాయి. నక్కకు ఏ దువా చదువుతారో ఆమెకు తెలియదు. అతనికీ తెలిసి ఉండదు.

తిరిగొచ్చేటప్పుడు పాక చూరు కింద తెడ్డు కనపడింది. గోడకు ఆనించి, వెడల్పాటి కొసను గోనెపట్టాతో చుట్టేశారు.

"బాబాయ్, ఆ తెడ్డు నాకిచ్చేయండి," అంది సాదియా.

"ఏం చేసుకుంటావు? తెనాల్లో ఏరుందా?" అంది రత్తమ్మ వెనక నుంచి.

"మూడు కాలవలున్నాయి పిన్నీ."

రత్తమ్మ మూతి మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. సింగరయ్య మాత్రం నవ్వలేదు.

"అది మాది బాబాయ్," అంది సాదియా. "మీ దగ్గర ఎందుకు?"

అతను ఆమె కాళ్ళవైపు చూశాడో, ఆలోచించాడో. చూరు కిందికెళ్ళి తెడ్డు తీశాడు. వాసిం రెండు చేతులూ చాచాడు. ముసలాయన అతన్ని దాటి వచ్చి సాదియా చేతుల్లో పెట్టాడు. పిడి అతని అరచేతికి అరిగి, నున్నగా, చల్లగా ఉంది. అనుకున్నదానికంటే బరువుంది. ఆమె తూలింది. వాసిం రెండో కొస పట్టుకున్నాడు.

వ్యాను వెనక తలుపు తీసి, అడ్డంగా పెట్టి చూశారు, ఐమూలగా పెట్టి చూశారు. పట్టలేదు. చివరికి వెనక తలుపు దగ్గర్నుంచి రెండు సీట్ల మధ్యగా తోసి, గోనెపట్టా చుట్టిన కొసను డాష్‌బోర్డుకు ఆనించారు. వాసిం అలవాటుగా కుడి పక్కకు నడిచాడు. అప్పటికే సాదియా ఆ తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. చెప్పులు వేసుకునే ఉంది.

అతను అటు తిరిగి వచ్చి, తెడ్డుకు తగలకుండా కిటికీ వైపు ఒదిగాడు.

"రేపల్లెలో మీ అమ్మ అడుగుతుంది, ఇదేంటని," అన్నాడు.

"తెడ్డని చెబుదాం."

"ఎవరిదంటే?"

"మనదని."

అతని కాలి దగ్గర ఆ రోజు ఒలికిన వేరుశనక్కాయ ఒకటి ఇంకా ఉంది. వంగి తీసి, అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

బండి కదిలింది. తూము మీదికి రాగానే ఆమె అద్దంలో చూసింది. రత్తమ్మ పట్టా మీద వంగి ఉంది. సింగరయ్య పాక పక్కన కట్టెల కుప్ప దగ్గరికి నడిచాడు. తెడ్డంత పొడుగాటి దుంగ ఒకదాన్ని కాలితో దొర్లించి చూశాడు. తరవాత వంగాడు.

సాదియా అద్దంలోంచి చూపు తీసి రోడ్డు మీద పెట్టింది. మూడో గేరు వేస్తుంటే చేతి కణుపులు తెడ్డు అంచుకు గట్టిగా కొట్టుకున్నాయి.

నొప్పి పుట్టింది.